కండెలు చుట్టిన మీటింగు

అరవయ్యవ దశకం మొదట్లో నల్గొండ దగ్గర ఒక చేనేత సంఘానికి కొత్త సూపర్‌వైజరుగా వెళ్ళాను. మొదటి మీటింగులో కుర్చీ వేయించుకుని, చీరలకు కొత్త అంచులు నేయాలని గంటసేపు ఉపన్యాసం దంచాను. "ఏమంటారు?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. మెల్లగా అందరూ లేచి వెళ్ళిపోయారు. సిగ్గుతో చచ్చిపోయాను.

సంఘం పెద్ద నర్సయ్యగారు ఒక్కరే ఆగారు.

"ఫికర్ చెయ్యకు సారూ. మావోళ్లకు చేతులాడితెనే నోరాడుతది. పా, మా ఇంటికి" అన్నారు. మగ్గం పక్కన నన్ను కూర్చోబెట్టి, రాట్నమిచ్చి, నేతకు కావలసిన దారం కండెలు చుట్టమన్నారు. నా దారం తెగినప్పుడల్లా నవ్వుతూ నేతవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. పొద్దు వాలేసరికి ఏ అంచు బాగుంటుందో వాళ్ళే వాదులాడుకుంటున్నారు!

నన్ను ఆ ఊరి నుంచి సాగనంపాలనుకుని ఉంటే, సంఘం పెద్దగా ఆయన ఒక్కమాట సరిపోయేది. ఆ మహానుభావుడు నా చేతికి రాట్నం ఇచ్చాడు.