మా అత్త జీడిపప్పుకు పేర్లు రాసిన చలికాలం

విశాఖపట్నంలో నేను చేసే ఉద్యోగం ఏమిటో మా వాళ్ళకు చెప్పడం కష్టం. ఫోన్లో ఏదైనా కొనాలని వెతికితే పైన వరసగా బొమ్మలూ ధరలూ కనిపిస్తాయి కదా, ఆ వరసలోకి దుకాణాల సరుకును ఎక్కించడం నా పని. దానికొక పట్టిక ఉంటుంది. ఫీడ్ అంటారు. ఒక్కో వస్తువుకు పేరు, వర్ణన, ఫొటో, ధర, బరువు, అది ఏ రకం సరుకో, అన్నీ అందులో నింపి పంపితే యంత్రం చదువుకుంటుంది. అర్థమైతే చూపిస్తుంది. అర్థం కాకపోతే ఊరుకుంటుంది. ఊరుకోవడంలో దానికున్నంత ఓపిక నేను మనుషుల్లో చూడలేదు.

నిన్న ఓ కంపెనీ కుక్కర్లకు పేర్లు రాస్తూ కూర్చుంటే, వేడి వేడి జీడిపప్పు పొట్టు వాసన ఎక్కడినుంచో వచ్చినట్టయింది. ఏసీ గదిలో అలాంటి వాసన రావడానికి కారణం లేదు. పలాసలో మా అత్త బట్టీ గుర్తొచ్చింది, అంతే.

ఈ విద్య నాకు కాలేజీలో అబ్బలేదు. టెక్కలిలో బీకాం చదివాను గానీ అక్కడ నేను బాగా నేర్చుకున్నది కదులుతున్న బస్సు ఎక్కడం. తరవాత హైదరాబాదులో ఓ కంపెనీ నాకు ఉద్యోగమిచ్చింది. కరోనా వచ్చాక ఇంటినుంచి పని చేయమంది. కొన్నాళ్ళకు పని కూడా అక్కర్లేదంది. అలా నేను పలాసలో మా అత్త ఇంటి అరుగు మీద ల్యాప్‌టాప్‌తో తేలాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. మావయ్య పోయాక ఇంటి వెనకున్న జీడిపప్పు బట్టీని ఆవిడే నడిపేది. జీడి పిక్కల్ని కాల్చి, కొట్టి, పొట్టు తీసి, సైజుల వారీగా ఏరడానికి ఆరుగురు ఆడవాళ్ళు వచ్చేవారు. ముందుగదిలో చిన్న దుకాణం. స్టేషన్‌కు పోయే దారి కాబట్టి రైలెక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ కొనుక్కునేవారు. రైళ్ళు ఆగినప్పుడు వాళ్ళు ఆగారు. రైళ్ళు మళ్ళీ నడిచినా వాళ్ళలో చాలామంది రాలేదు. వానలు వెళ్ళిపోయే రోజుల్లో ఓ సాయంత్రం అత్త టీ గ్లాసు నా ముందు పెట్టి, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

"కిస్మస్ దాకా సూత్తాను అల్లుడూ. సరుకు కదిల్తే సరే. నేకపోతే బట్టీ అమ్మేత్తాను."

వెనక పొట్టు తీస్తున్న చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. మా అత్త ఏ మాటా రెండోసారి అనదని అక్కడ అందరికీ తెలుసు.

ఆన్‌లైన్లో అమ్ముదామన్నాను. చదువుకున్నవాడు ఖాళీగా ఉంటే ఇలాంటి ఆలోచనలు వస్తాయి. వెబ్‌సైటు తయారు చేశాను. ఫీడ్‌లో పెట్టే ఫొటోకు వెనక తెల్లగా, ఏమీ లేకుండా ఉండాలని నియమం. ఇంట్లో అంత తెల్లనిది ఒక్కటే ఉంది, అత్త ఆదివారం చర్చికి కట్టే చీర.

"దేవుడి కాడికి కట్టుకెల్లే సీర మీద పప్పు పోత్తావేట్రా?"

"ప్రార్థన కూడా కలిసొస్తుందత్తా."

శనివారం లోపు ఉతికి, గంజి పెట్టి ఇవ్వాలన్న షరతు మీద ఇచ్చింది. అంచు కనబడకుండా మడిచి, ఫొటోలు తీశాను. పేర్లు శ్రద్ధగా రాశాను. "పలాస 240 ప్రీమియం." "320 ఫస్ట్ క్వాలిటీ." "బద్ద స్పెషల్." పంపేసి చేతులు దులుపుకున్నాను.

మూడు వారాలు ఒక్క మనిషి చూడలేదు. అత్త పొద్దున్నే అడిగేది.

"సూత్తన్నారేటి?"

"చూస్తున్నారత్తా."

"ఎవులు?"

"ప్రస్తుతానికి నేను."

ఓ రోజు ఆ పట్టిక తెరిచి చూస్తే, యంత్రం మా సరుకును తీసుకెళ్ళి ఇనుప సామాన్ల వరసలో పెట్టి ఉంది. దాని తప్పేమిటో కనిపెడదామని కిందా మీదా పడుతున్నాను. ఆరుగురిలో పెద్దావిడ, ఏరడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు, చేట పక్కన పెట్టి వచ్చి నా భుజం మీదుగా చూసింది. కూడబలుక్కుని చదివింది.

"బావూ, ఇందల జీడిపప్పని ఎక్కడ రాసినావు?"

మొత్తం వెతికాను. ఎక్కడా రాయలేదు.

పలాసలో ఆ మాట ఎవరంటారు? "రెండు నలభై ఉందా?" అంటారు. అరకిలోకు ఎన్ని గింజలు తూగుతాయో చెప్పే లెక్క అది, దాదాపు. అంకె చిన్నదైతే పప్పు పెద్దది. "బద్ద ఎంత?" అంటారు. దేని బద్ద అని అడిగినవాడు ఈ ఊరివాడు కాడు. భావనపాడు రేవులో నిలబడి "ఇక్కడ నీళ్ళున్నాయి" అని ఎవరూ బోర్డు పెట్టరు కదా. నేనూ పెట్టలేదు.

"నువ్వు సదివిందేటి బావూ?" అంది పెద్దావిడ.

"బీకాం."

"పోన్లే. ఎవులికీ సెప్పకు."

ఆ మధ్యాహ్నం ఆరుగురూ నవ్వుతూనే పొట్టు తీశారు. అత్త మాత్రం నవ్వలేదు. గోడకున్న చర్చి క్యాలెండర్ వైపు చూసింది. నవంబరు కాగితం మీద ఇంక ఒక్క వరసే మిగిలింది.

జీడిపప్పు అని చేర్చాను. యంత్రం శాంతించి మమ్మల్ని తిండి సామాన్లలోకి మార్చింది. కానీ అక్కడ జీడిపప్పు అనే పేరుతో మాకంటే ముందు చేరినవాళ్ళు ఎంతమందో. మా చీర మీది పప్పు ఎవరూ తిప్పని పేజీలో కూర్చుంది.

అప్పుడే ఓ రోజు కోటబొమ్మాళి నుంచి ఒకావిడ దుకాణానికి వచ్చింది. పెద్ద గుండ్లు, అంటే విరగని పప్పు, కిలో కావాలంది. అత్త తూకం జోలికి పోలేదు.

"ఏటి వండుతావమ్మా?"

"ఉప్మాలోకండి. సుట్టాలొత్తన్నారు."

"ఉప్మాలోకి గుండ్లేటమ్మా, ఆలేటి పప్పులు లెక్కపెట్టుకుంటూ తింతారా? బద్ద అట్టుకెల్లు. యేగితే ఇదే రుసి. ఆ కేకు సేసేవోలుంతారు సూడు, పైన పేర్సడానికి ఆలకి కావాలి గుండ్లు. కూరలోకైతే ముక్క సాలు, నూరేదే కదా."

ఈ ప్రశ్న నేను చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాను. అత్త ఎవరినీ "ఏ సైజు?" అని అడిగేది కాదు. ఏం వండుతారో అడిగి, డబ్బా తనే తీసేది. అన్నేళ్ళు విన్నాను గానీ వినలేదన్నమాట. ఆవిడ బద్దలు పట్టుకుని వెళ్ళేలోపు నేను పాత పేర్లన్నీ చెరిపేశాను. "జీడిపప్పు గుండ్లు, కేకు మీద అలంకరణకు." "జీడిపప్పు బద్దలు, ఉప్మా, పాయసం, పొంగలికి." "జీడిపప్పు ముక్కలు, కూరల్లోకి నూరుకోవడానికి." వర్ణనలో అత్త మాటలే, తిట్లు తీసేసి రాశాను.

నాలుగో రోజు ఒకరు చూశారు. ఆ తరవాత పదకొండు మంది. వారం తిరిగేసరికి మొదటి ఆర్డరు వచ్చింది, బెంగళూరు నుంచి, గుండ్లు. నేను అరుగు మీంచి అరిచాను. అత్త తీరిగ్గా వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆర్డరు కింద ఉన్న నంబరు తన ఫోన్లో కొట్టింది.

"అమ్మా, నాను పలాస నుంచి. పప్పేటిలోకమ్మా?"

అత్తా, ఆన్‌లైన్లో అలా అడగరు అన్నాను. అవతలి మనిషి సేమ్యా పాయసం అంది. అత్త ఆవిడను గుండ్ల నుంచి బద్దలకు దింపి, పాయసం ఎలా చేస్తుందో విని, రెండు చోట్ల సరిదిద్ది, ఫోన్ పెట్టేసింది. అమ్మకం పెంచడం గురించి నేను చదివిందంతా నా కళ్ళముందే చచ్చిపోయింది. కానీ ఆ బెంగళూరావిడ ఆ వారంలోనే తన అపార్ట్‌మెంటులో ముగ్గురిచేత ఆర్డర్లు పెట్టించింది. అత్త ఆ ముగ్గురికీ ఫోన్ చేసింది.

డిసెంబరంతా అలాగే గడిచింది. పొద్దున ఫీడ్ సవరించడం, మధ్యాహ్నం పొట్లాలు కట్టడం. చలికి అందరం బట్టీ గోడకు వీపులానించి కూర్చునేవాళ్ళం. అత్త ఫోన్లో ఎవరికో కేకు గురించి చెబుతుంటే, పెద్దావిడ చేట ఆడిస్తూ పక్కనుంచి దిద్దేది. అంత తక్కువ జీతానికి, అంటే జీతమే లేకుండా, నేను అంత సుఖంగా మరెక్కడా పని చేయలేదు.

క్రిస్మస్ వచ్చింది. అత్త గంజి పెట్టిన ఆ చీరే కట్టుకుని చర్చికి వెళ్ళి వచ్చింది. మాకందరికీ కేకు పెట్టింది. బట్టీ మాట ఎత్తలేదు. నేను అడగలేదు. ఆరుగురూ అడగలేదు. జనవరి గడిచింది, ఫిబ్రవరి గడిచింది. ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి, మరీ ఎక్కువగా కాదు. నిరుటి పిక్కలు అడుగంటాయి. కొత్త పిక్కలు కొంటేనే బట్టీ ఉన్నట్టు. ఆవిడ మనసులో ఏముందో మాకెవరికీ అంతుపట్టలేదు.

ఎండలు ముదిరాక ఓ ఉదయం కంచిలి నుంచి ఓ రైతు వ్యాన్లో బస్తాలేసుకుని వచ్చి గుమ్మం ముందు ఆపాడు. అత్త బయటికి వెళ్ళి ఒక బస్తా విప్పించింది. పిక్కొకటి తీసి, కత్తితో రెండు చేసి, పప్పు చూసి, కొరికింది. మేమంతా తలుపు సందులోంచి చూస్తున్నాం.

"పచ్చిగున్నాయి. ఎండబెట్టకుండా తెచ్చీసినావేటి?"

"రెండెండలు తగిలినాయమ్మా."

"నీకు తగిలినట్టున్నాయి. పిక్కలకి తగల్నేదు."

వెనక అలికిడైంది. తిరిగి చూస్తే ఆరుగురూ, ఎవరూ చెప్పకుండానే, పెరట్లో ఆరబెట్టే జాగా ఊడుస్తున్నారు. పెద్దావిడ నా చేతిలోనూ ఓ చీపురు పెట్టింది. ధూళి లేచి గుమ్మం దాకా వచ్చింది. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రైతు మీద విసుక్కుంది.

"ఇంకేటి సూత్తన్నావు? దించు."