కాంట్రాక్టరు మనుషులు

కంపెనీ దివాలా తీసిందని ట్రిబ్యునల్ తేల్చాక, యజమానిని పక్కన పెట్టి దాన్ని నడపడానికి ఒక అధికారిని నియమిస్తారు. కంపెనీని కొనేవాళ్లను వెతకడం, ఎవరికి ఎంత బాకీయో తేల్చడం ఆయన పని. బెంజ్ సర్కిల్ దగ్గర అలాంటి ఒకాయన ఆఫీసులో నేను ఆరేళ్లు పనిచేశాను.

పామర్రు అవతల ఉన్న రొయ్యల ప్లాంటు మా చేతికొచ్చేసరికి, బిల్లు కట్టలేదని వారం ముందే కరెంటు తీసేశారు. కోల్డ్ రూము తలుపు తెరవగానే నేను బయటికి పరుగెత్తి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. సారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "సరుకు విలువ సున్నా అని రాసుకోండమ్మా" అన్నారు.

అక్కడ రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు అరవై మంది. నాలుగు నెలలుగా కూలి లేదు. చర్చిలో పాటలు పాడే ఒక పెద్దావిడ కూలి బాకీ ఇప్పించమని వాళ్లందరి ఫారాలు నింపించుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, రెండు బస్సులు మారి మా ఆఫీసుకి తెచ్చింది. ఏళ్ల తరబడి ఐసు నీళ్లలో నానిన ఆమె వేళ్లు ముడతలు పడి పాలిపోయి ఉన్నాయి.

సారు ఆ ఫారాలు తిరగేసి పక్కన పెట్టేశారు.

"వీళ్లు కంపెనీ వర్కర్లు కాదమ్మా. కాంట్రాక్టరు మనుషులు. వీళ్ల కూలి డబ్బు కంపెనీ కాంట్రాక్టరుకి ఎప్పుడో కట్టేసింది. అతను పంచకపోతే మనమేం చేస్తాం?"

రికార్డులు తిరగేస్తే ఆ కాంట్రాక్టరు యజమానికి స్వయానా బావమరిది. దివాలాకి నెల ముందు బ్యాంకు ఖాతాలో మిగిలిందంతా ఊడ్చి అతనికి కట్టారు.

"సొంతవాళ్లకి ఇలా ముట్టజెప్పింది వెనక్కి రాబట్టమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు కద సార్?" అన్నాను.

"అడగొచ్చు. అది తేలేసరికి నాకు రిటైర్మెంటు వస్తుంది. బ్యాంకులవాళ్లకి ప్లాంటు తొందరగా అమ్ముడుపోవాలి. మీరు లెటర్లు కొట్టండి."

కొట్టాను. కంపెనీ మీకేమీ బాకీ లేదని అరవై ఉత్తరాలు, పేరు తప్ప అన్నీ ఒకటే. అంత చక్కగా, ఒక్క అచ్చుతప్పు లేకుండా టైపు చేసిన నా చేతుల్ని చూస్తే ఇప్పటికీ నాకు రోతే.

వారానికి పెద్దావిడ ఆ ఉత్తరం పట్టుకుని వచ్చింది. చదివి వినిపించాను.

"అయితే మేం ఎవరి మనుషులమండీ?" అంది. "గేటు కార్డు కంపెనీ ఇచ్చింది. ఏప్రాన్ కంపెనీది. పది నిమిషాలు లేటయితే సగం పూట కూలి కోసింది కంపెనీ సూపర్‌వైజరు. ఇప్పుడు మాత్రం మేం కంపెనీవాళ్లం కాదా మేడం గారూ?"

టీ తాగమంటే వద్దంది. ఆ కార్డులన్నీ జాగ్రత్తగా దాచుకుని, కోర్టులో ఉచితంగా కేసులు చూసే లాయర్ల దగ్గరికి వెళ్లమని గొంతు తగ్గించి చెప్పాను. పక్క గదిలో సారు ఉన్నారు మరి.

వాళ్లు కేసు వేశారు. ఈలోగా బయటి ఊరి కంపెనీ ఒకటి ప్లాంటు కొనుక్కుంది. ఈ కేసు గొడవ తెమిలితే చాలనుకుని, ఒక నెల కూలి ఇస్తాం, ఇంకేమీ రావలసింది లేదని సంతకం పెట్టండి అంది. పిల్లల ఫీజులు కట్టాల్సినవాళ్లు, అద్దెలు బాకీ పడ్డవాళ్లు పెట్టారు.

తాళాలు అప్పగించడానికి సారుతో నేనూ వెళ్లాను. కొత్త రంగు వేసిన గేటు దగ్గర పూతరేకుల పెట్టె పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? ఆ బావమరిదే. కూలీల కాంట్రాక్టు కొత్త కంపెనీ కూడా అతనికే ఇచ్చింది. యజమాని తిరిగి కొనకూడదని చట్టంలో ఉంది గానీ, అతని బావమరిది కూలీల్ని తేకూడదని ఎక్కడా లేదట. కారులో సారే చెప్పారు, నవ్వుతూ.

"తీసుకోండి మేడం, అంతా మీ చలవే" అన్నాడతను.

సారు చూస్తున్నారు. తీసుకున్నాను. తిన్నాను కూడా.

లోపలికి వెళ్లే ఆడవాళ్ల వరసలో పెద్దావిడ కనిపించలేదు. సంతకం పెట్టనిది ఆవిడ ఒక్కతేనని తర్వాత తెలిసింది. మరుసటి నెల నేను ఉద్యోగం మానేశాను. ఆవిడ కేసు ఇంకా నడుస్తోంది. సాక్ష్యం కావాలంటే వస్తానని కబురు చేశాను.

"ఆ ఉత్తరం కొట్టినావిడే కదా" అందట. ఇంతవరకు పిలవలేదు.