స్టేషన్ కాడ స్కూటర్ టాక్సీ

నా కుడిచెయ్యి విరగ్గొట్టింది మా అన్న. మహబూబాబాద్ రైల్వే స్టేషన్ ముందు, పట్టపగలు, ఆటోవాళ్ళందరూ చూస్తుండగా ఇనుప రాడ్‌తో కొట్టాడు. అది పొరపాటున తగిలిందని మా వదిన ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. పొరపాటు కాదు. నా చెయ్యి వైపు చూసి మరీ కొట్టాడు.

నేను మున్సిపాలిటీలో కాంట్రాక్టు ఉద్యోగిని. రైలో బస్సో దిగినవాళ్ళు ఒక సైకిలో, బ్యాటరీ స్కూటరో కిరాయికి తీసుకుని, పని చూసుకుని ఇంకో చోట వదిలేసి పోయే పథకం మా పట్టణానికి వచ్చింది. బండ్లు ఎక్కడెక్కడ నిలపాలో తేల్చే పనిని నేనే అడిగి తీసుకున్నాను. కలెక్టరేట్ ఊరి బయట కట్టారు. జనగామ నుంచి రైల్లో వచ్చే ఉద్యోగులు, గూడూరు తండాల నుంచి కాలేజీకొచ్చే ఆడపిల్లలు ఎండలో నడుస్తుంటే చూడబుద్ధయ్యేది కాదు. టేపు పట్టుకుని ఊరంతా కొలిచాను. మార్కెట్ దగ్గర ఒక షాపాయన నేను గీసిన సున్నం గీత మీద మురికినీళ్ళు గుమ్మరించాడు. నేను ఆయన బకెట్‌ను తన్ని పగలగొట్టి వచ్చాను. మా ఇంట్లో కోపానికి కొదవ లేదు.

మాది మొగుళ్ళపల్లి. నాయిన పోయాక అన్న చదువు మానేసి మహబూబాబాద్ వచ్చి ఆటో పట్టాడు. నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆ ఆటోయే. స్టేషన్ అడ్డాలో ఆయనకొక చోటుంది. ఆ చోటుంటే రైలు దిగిన జనం దొరుకుతారు, లేకపోతే రోజంతా ఖాళీ ఆటోతో తిరగాల్సిందే. అడ్డాలో ఎవరు నిలవాలో చెప్పేది యూనియన్ పెద్దమనిషి. "నీ చెల్లె గా బండ్లు ఈడ పెడితే నువ్వు ఈడ నిలవొద్దు" అని ఆయన అన్నను ముందే బెదిరించాడు.

ఆ సంగతి అన్న నాకు అన్నం తింటూ చెప్పాడు. "ఇంకెక్కడన్న పెట్టుకో. నా అడ్డా పోతది."

"స్టేషన్ కాడ లేకుంటే గవి ఎందుకు పనికొస్తయి? సామాన్లున్నోళ్ళు, ముసలోళ్ళు ఎట్లయినా మీ ఆటోలే ఎక్కుతరు" అన్నాను.

అన్న కంచం నెట్టేసి లేచిపోయాడు.

ఇక బోర్డు సంగతి. బండ్లు నిలిపే చోట రాయించమని పై అధికారి ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరు పంపాడు. చదవగానే ఒళ్ళు మండింది. మా దిక్కు గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణాన్ని 'సైకిల్ టాక్సీ' అనేవాళ్ళు. మనల్ని ఎక్కించుకుపోయేవాడు ఎవడూ ఉండడు, తెచ్చుకున్నవాళ్ళే తొక్కుకోవాలి. అయినా దాని పేరు టాక్సీయే. పెద్దవాళ్ళకు ఇప్పటికీ ఆ మాటే వస్తుంది. అందుకని 'సైకిల్ టాక్సీ, స్కూటర్ టాక్సీ' అని ఇంతింత అక్షరాలతో రాయించి, స్టేషన్ ముందు బండ్లతో పాటు పెట్టించాను.

ఆటోవాళ్ళు దాన్ని వేరేగా చదివారు. హైదరాబాద్‌లో ఫోన్‌లో పిలిస్తే స్కూటర్ మీద వచ్చి మనిషిని వెనక ఎక్కించుకుపోతారు. తమ కిరాయిలన్నీ వాళ్ళు ఎత్తుకుపోయారని అక్కడి ఆటోవాళ్ళు మొత్తుకోవడం వీళ్ళు విన్నారు. స్కూటర్ టాక్సీ అంటే వీళ్ళకు అదొక్కటే తెలుసు. ఆ పీడ మన ఊరికీ వచ్చిందనుకున్నారు.

గొడవ సంగతి తెలిసి నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి బోర్డు నేల మీద ఉంది. సైకిళ్ళను ఎత్తి రోడ్డుకేసి బాదుతున్నారు. ఒకడు స్కూటర్ అద్దాన్ని ఉత్త చేత్తో గుద్ది, మోచేతి దాకా రక్తం కారుతున్నా ఆపకుండా ఇంకో అద్దాన్ని గుద్దుతున్నాడు. బండ్ల కాపలాకు పెట్టిన ముసలాయనను ఇద్దరు పట్టుకుంటే మూడోవాడు మొహం మీద కొడుతున్నాడు. ఆయన పళ్ళు ఊడి చొక్కా మీద పడ్డాయి.

"గిది గా టాక్సీ కాదు. ఎవ్వలకు వాళ్ళే నడుపుకునే బండి" అని గొంతు చించుకున్నాను. ఒక్కడూ వినలేదు. ముసలాయనను కొడుతున్నవాడి కాలర్ పట్టి గుంజాను. పక్కవాడు నా జుట్టు పట్టుకుని స్కూటర్ మీదికి తోశాడు. పెదవి చిట్లింది. వాడిని నేను కరిచాను.

అంతలో అన్న ఆటో వచ్చి ఆగింది. యూనియన్ పెద్దమనిషి ఒక రాడ్ తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. "మిగిలింది గీ ఒక్క స్కూటరే. గిది నువ్వు పలగ్గొట్టు. లేకుంటే నీ ఆటో తీసుకొని పో."

నేను ఆ స్కూటర్‌కు అడ్డంగా నిలబడ్డాను.

"జర పక్కకు జరుగే. నా బతుకు పోతది" అన్నాడు అన్న.

"జరగ. నన్ను కొట్టినంకనే దీన్ని కొట్టు."

కొట్టాడు. భుజం కింద ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను కింద పడ్డాక స్కూటర్‌ను కూడా తుక్కు తుక్కు చేశాడు. ఏడుస్తూనే చేశాడు. ఏడ్చినంత మాత్రాన ఒక్క దెబ్బా తగ్గలేదు. నొప్పి కంటే ముందు నాకు ఆయన మీద అసహ్యం కలిగింది.

నన్ను ఎత్తి ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయిందీ ఆయనే. దారి పొడవునా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

దవాఖానకు కానిస్టేబుల్ వచ్చాడు. ఎవరు కొట్టారని నన్ను అడిగితే అన్నే ముందుకొచ్చి "నేనే సార్" అన్నాడు. మిగతావాళ్ళు ఎవరని అడిగితే మాత్రం నోరు మెదపలేదు. నా వైపు చూశాడు. కేసు తన ఒక్కడి మీద పడితే ఓర్చుకుంటాడు. తోటివాళ్ళ పేర్లు బయటికొస్తే ఇక అడ్డాలో నిలబడలేడు. వాళ్ళందరినీ నేను అన్నా అని పిలిచి పెరిగినదాన్ని. వానొస్తే కిరాయి లేకుండా కాలేజీ దగ్గర దింపినవాళ్ళు వాళ్ళు. పక్క మంచం మీద ముసలాయన నోట్లో దూది కుక్కుకుని పడుకుని ఉన్నాడు.

నేను చెప్పేశాను. ముసలాయనను ఎవరు పట్టుకున్నారో, ఎవరు కొట్టారో, రాడ్ ఎవరిచ్చారో, ఒక్కరినీ వదలలేదు.

అన్న అంతా విన్నాడు. "నీ చెయ్యి అతుకుతది. నా అడ్డా ఇగ రాదు" అన్నాడు.

రాలేదు. ఆటో అమ్మేసి భూపాలపల్లిలో బొగ్గు లారీ తోలుతున్నాడు. స్టేషన్ ముందు కొత్త స్కూటర్లు వచ్చాయి, ఆడపిల్లలు వాటి మీద కాలేజీకి పోతున్నారు. పేర్లు చెప్పినందుకు నాకు బాధ లేదు. మళ్ళీ అడిగినా చెబుతాను. కానీ అన్న మీద నా కోపం ఎంతకీ తగ్గదు, ఆయనను చూడాలనిపించడం కూడా తగ్గదు.

ఉండబట్టలేక మొన్న భూపాలపల్లి పోయాను. అన్న ఇంటి ముందు లారీ కడుగుతున్నాడు. లోపలికి రమ్మనలేదు.

"చెయ్యి లేస్తదా?" అని అడిగాడు.

లేపి చూపించాను. భుజం దాకా లేచింది, ఆ పైకి లేవలేదు. అన్న కాసేపు దాన్నే చూసి, అటు తిరిగి మళ్ళీ లారీ కడుక్కున్నాడు.