పందిపిల్లల నొప్పి ఎరిగిన మార్తమ్మ గారు

విడవలూరు దగ్గర చాలా ఏళ్లుగా పందులు పెంచుతున్న మార్తమ్మ గారు మొన్న సోమవారం ఉదయం గుండెపోటుతో కన్నుమూశారు. ఆమె చెల్లెలు ఎస్తేరు ఫోన్ చేసి "డాక్టరమ్మా, అక్క పోయింది" అని చెప్పింది. శనివారమే మార్తమ్మ గారూ నేనూ అరగంట మాట్లాడుకున్నాం. తల్లిపాలు మాన్పించిన పందిపిల్లలు దిగులుపడి మేత ముట్టడం లేదని, ఒకే ఈతలో పుట్టినవాటిని విడదీయకుండా ఒక్కచోట ఉంచి చూస్తానని చెప్పారు. అవి తిన్నాయో లేదో నేను మళ్లీ అడగకముందే ఆమె వెళ్లిపోయారు.

నేను పశువైద్యురాలిని. లోకం దృష్టిలో ఆమె నాకు సలహా కోసం వచ్చే రైతు. వాస్తవంలో నేనే ఆమె శిష్యురాలిని.

చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో, వారం వయసున్న మగ పందిపిల్లలకు వృషణాలు తీయడానికి ఆమె షెడ్డుకు వెళ్లాను. పెరిగాక మాంసానికి వాసన రాకుండా పెంపకందారులు చేయించే మామూలు పనే అది. పిల్లను వెనుక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, మత్తు లేకుండా కోసి వదిలేయడమే అప్పటి ఆనవాయితీ. తొమ్మిది పిల్లలకు చకచకా ముగించి, చేతులు కడుక్కుని బయల్దేరబోయాను.

"యాడికి పోతా ఉండారు డాక్టరమ్మా? కాసేపు ఇట్ట కూర్చోండి," అని మార్తమ్మ గారు పీట వేశారు. "మీరు చేసింది మీరు చూడాల గదా."

కూర్చున్నాను. తల్లి పక్కకు ఒరిగి పిల్లల్ని పాలకు పిలిచింది. ఆడ పందిపిల్లలు పరుగున పోయి పొదుగు అందుకున్నాయి. నేను కోసినవాటిలో మూడు మూలన వణుకుతూ నిలబడిపోయాయి. ఇంకొకటి వెనుక కాళ్లు ఈడ్చుకుంటూ చేరేసరికి పాలు ఆగిపోయాయి. పందికి పాలు దిగేది కొన్ని క్షణాలే. ఆ సంగతి నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఆ క్షణాలు తప్పిపోయి ఆకలితో నిలబడిన పిల్లను మాత్రం అంతవరకు చూడలేదు.

"అరుపు ఆగితే నొప్పి పోయిందనుకుంటారు మీరంతా," అన్నారామె. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరింత సిగ్గేసింది.

ఆ తరువాత ఇద్దరం కలిసి పని తీరు మార్చుకున్నాం. కోసే చోటు తిమ్మిరెక్కించే సూదిమందు, నొప్పి తగ్గించే మందు నేను తెచ్చాను. తక్కినదంతా ఆమె వివేకమే. ముందుగా తల్లిని పిల్లల అరుపు వినపడనంత దూరం తోలేవారు. పిల్లను రొమ్ము కింద ఒక చెయ్యి, తొడల కింద ఒక చెయ్యి ఆనించి ఎత్తేవారు. రక్తం పట్టడానికి ఇనుము సూది వేసిన రోజున మరో బాధ పెట్టనిచ్చేవారు కాదు. పని అయ్యాక ఎండలో వెచ్చబడిన గోనెసంచుల మీద అన్నింటినీ కలిపి పడుకోబెట్టేవారు. ఒకదాని తోక ఒకటి కొరకకుండా తోకలు కత్తిరించమని ఎవరైనా సలహా ఇస్తే, "వాటికి ఏం తోచక కొరుకుతా ఉండాయి. ముందు నాలుగు గడ్డిపరకలేసి చూడండి," అనేవారు.

ఈ ఓర్పు ఎక్కడిదని ఒకసారి అడిగాను. చేతిలోని గోనెసంచి మడిచి పక్కన పెట్టి చెప్పారు.

"వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద ఫారంలో పనిచేసినా. బ్లేడు నా చేతిలోనే. ఎంత బిరీన, గబగబా చేస్తే అంత మెచ్చుకునేవోళ్లు. ఒక దినం ఒక పిల్లకి పేగు జారి గజ్జల్లో వాపుండాది, చూసుకోకుండా కోసినా. పేగు బయటికొచ్చి నా ఒళ్లోనే పోయింది. పక్కనోడు 'ఇంకోదాన్ని పట్టుకో' అన్నాడు. పట్టుకున్నా డాక్టరమ్మా. అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు."

తన అపరాధాన్ని దాచుకోకుండా, దాన్నే జీవితకాల సేవగా మలచుకున్న అంతఃకరణం ఆమెది.

నాయుడుపేట దగ్గర ఒక రైతు షెడ్డులో పెంపకందారులకు శిక్షణ పెట్టినప్పుడు ఆమెను వెంట తీసుకెళ్లాను. సూది వేశాక పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అతిథిగా వచ్చిన అధికారి గడియారం చూసుకుని, "ఇంక కానివ్వమ్మా, అందరికీ పనులున్నాయి," అన్నారు.

"మందు ఎక్కాల సార్. అది మన తొందరకి ఎక్కదు," అన్నారు మార్తమ్మ గారు.

వెనుక ఎవరో "పందుల మార్తమ్మ లాలిపాట పాడతాదేమో" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె తల ఎత్తలేదు. పిల్ల వీపు నిమురుతూ పది నిమిషాలు అలాగే ఉన్నారు. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. ఆమె తల ఊపాక నేను కోత పెట్టాను. పిల్ల కాస్త కదిలి చిన్నగా మూలిగింది, అంతే. అందరూ ఎదురుచూసిన ఆ కేక రాలేదు. తల్లిని మళ్లీ దగ్గరికి తోలుకొచ్చి పిల్లను కింద వదలగానే నడుచుకుంటూ పోయి తల్లి పొదుగు వెతుక్కుంది. నవ్వించిన మనిషే ముందుకొచ్చి, "ఆ మందు యాడ దొరకతాది అక్కా?" అని అడిగాడు.

ఇప్పుడు మా చుట్టుపక్కల చాలా షెడ్లలో ఆ విధంగానే చేస్తున్నారు. దానికి 'డాక్టరమ్మ పద్ధతి' అని పేరు పడింది. అందుకుగాను ఒక సభలో నాకు శాలువా కప్పారు. వేదిక మీద నేను మార్తమ్మ గారి పేరు చెప్పలేదు. మరచిపోయానని అబద్ధమాడను. చప్పట్లు బాగున్నాయి, చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు వెళ్లి క్షమించమంటే ఆమె నవ్వేశారు. "పేరు పెట్టుకుని నేనేం జేసుకుంటా? పిల్లలకి నొప్పి తగ్గింది గదా," అన్నారు.

ఆమె క్షమించారు. నేను మాత్రం ఆ తప్పు దిద్దుకోలేదు. ఇవాళ ఆమె సమాధి మీద మట్టి ఆరకముందు దిద్దుకుంటున్నాను: ఆ పద్ధతి నాది కాదు, మార్తమ్మ గారిది. ఏ విద్యాలయమూ నేర్పని కారుణ్యాన్ని పీట వేసి కూర్చోబెట్టి నేర్పిన ఆ మాతృమూర్తికి నా సాష్టాంగ ప్రణామం. మందులు ఇక ముందూ దొరుకుతాయి. నా చెయ్యి తొందరపడినప్పుడు ఆపే మనిషే లేరు.