సగమే చెప్పిన మాట

జహీరాబాద్‌లో ఇంగ్లిష్ టీచర్‌ని నేను. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక నవలా రచయిత్రి మాటల్ని రెండు రోజులు తెలుగులోకి మార్చి చెప్పమని తెలిసినవాళ్లు అడిగితే ఒప్పుకున్నాను. నవలలు రాయడమే కాదు, కాన్పుల్లో ఆడవాళ్లు చనిపోకూడదని తన దేశంలో ఊరూరా తిరిగే మనిషి ఆమె. మా దగ్గర జొన్నలు, కొర్రలు పండించే ఆడవాళ్లను కలవాలని వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం ఝరాసంగం దగ్గర ఒక రైతు ఇంట్లో రొట్టెలు తింటున్నాం. ఆ ఇంటి కోడలు పచ్చి బాలింత. కాన్పై వారమైంది. తల పట్టుకుని గోడకు ఆనుకుంది. ముఖం, పాదాలు ఉబ్బి ఉన్నాయి.

రచయిత్రి రొట్టె కింద పెట్టేసింది. “చూపు మసకగా ఉందేమో అడగండి” అంది నాతో.

అడిగాను. “పొద్దుగాల నుంచి అన్నీ రెండ్రెండు కానొస్తున్నయ్ మేడం” అంది కోడలు.

“బీపీ పెరిగినట్టుంది. మూర్ఛ రావచ్చు, ప్రాణం పోవచ్చు. ఇప్పుడే బయలుదేరాలని చెప్పండి.”

బాలింత ఉన్న ఇంట్లో చావు మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. “ఒకసారి డాక్టర్‌కు చూపిస్తే మంచిదంటున్నరు” అన్నాను.

“బాలింతకు తలకాయ నొయ్యదా? ఫికర్ చెయ్యకున్రి. జర పండుకుంటే తగ్గుతది” అంది అత్త.

రచయిత్రి నా వైపు తిరిగింది. “నేను చావు గురించి చెప్పాను. ఈ అత్తగారి ముఖంలో భయం లేదు. మీరు చెప్పలేదు కదూ?” గొంతు తగ్గించింది. “మా అక్క ఇలాగే పోయింది. మాకూ అందరూ మెత్తగానే చెప్పారు.”

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. వెళ్లి అత్త ఎదురుగా కూర్చున్నాను.

“అమ్మా, నేను సగమే చెప్పిన. ఇప్పుడు దవాఖానకు పోకుంటే కోడలు దక్కదు.”

ఆమె నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది. అంతలో కోడలు వాంతి చేసుకుంది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. “నడువున్రి, నడువున్రి!” అంటూ పసిపాపను ఎత్తుకుంది.

మేమొచ్చిన ఆటో వాకిట్లోనే ఉంది. సగం దారిలో కోడలికి మూర్ఛ వచ్చింది. ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుంది. రచయిత్రి ఆమెను పక్కకు తిప్పి, తల కొట్టుకోకుండా ఒడిలో పట్టుకుంది. అత్త నన్నే చూస్తోంది. నేను ఆ చూపు తప్పించుకోలేదు.

దవాఖానలో వెంటనే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. సాయంత్రానికి కోడలు కళ్లు తెరిచి, “పాపకు పాలు పట్టిన్రా?” అని అడిగింది. అప్పటిదాకా నిలబడే ఉన్న అత్త నేల మీద కూలబడి భోరుమంది.

దవాఖానలో చేరిన నాలుగో రోజు కోడలిని ఇంటికి పంపారు. అప్పటికే రచయిత్రి వెళ్లిపోయింది. బీపీ మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో అత్తకు రెండుసార్లు చెప్పి, వాళ్లను ఆటో ఎక్కించి బడికి వెళ్లాను.