పరదా బయట ఆగిన అమీన్‌సాబ్

నా చిన్నప్పుడు పాతబస్తీలో మగవాడు మిద్దె ఎక్కాలంటే ముందు గట్టిగా కేక వేయాలి. పక్క వాకిళ్లలో ఉన్న, పరదా పాటించే గోషా ఆడవాళ్లు ఆ కేక విని లోపలికి వెళ్లేదాకా మెట్ల మీదే నిలబడాలి. పెంకులు సర్దేవాడైనా, తెగిన గాలిపటం కోసం వచ్చినవాడైనా ఇదే పద్ధతి. మేము హిందువులమైనా గల్లీలో అందరితో పాటు ఆ మర్యాద పాటించేవాళ్లం. ఆ మర్యాదే ఒక మధ్యాహ్నం మా చిన్నాయనను బతికించింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కూర్చున్నచోట కుదురుండదు. లేచి నాలుగడుగులు వేయాల్సిందే.

చిన్నాయన అంటే మా బాపు తమ్ముడు. ఇంకా పెళ్లి కాలేదు. పత్తర్‌గట్టిలో ఒక దుకాణంలో షేర్వానీలకు గుడ్డ కత్తిరించేవాడు. మిగిలిన ముక్కలతో నా బొమ్మలకు అంగీలు కుట్టి తెచ్చేవాడు. ఆ ఎండాకాలం ఆయనకు నిద్ర కరువైంది. పెళ్లిళ్ల రోజులు, పని ఎక్కువ అనుకున్నాం. తర్వాత ఇంట్లో బట్టలన్నీ తిరగేసి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. తన మాటలు దొంగతనంగా వినడానికి ఎవరో అంచుల్లో ఏదో పెట్టి కుట్టారని ఆయన అనుమానం. దిండ్లు విప్పాడు, నాయనమ్మ రవికెలు విప్పాడు, బాపు ఆఫీసు కోటు విప్పాడు. నాయనమ్మ దిష్టి తీసి, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. ఆ తాయెత్తు కూడా విప్పి చూశాడు.

ఆ మధ్యాహ్నం బాపు ఓపిక పట్టలేక కత్తెర లాక్కోబోయాడు. పెనుగులాటలో బాపు అరచెయ్యి తెగింది. రక్తం చూసి చిన్నాయన మరీ బెదిరిపోయాడు. వాకిట్లో మూలకు చేరి, ఎవరైనా దగ్గరికొస్తే పొడుచుకుంటానని కత్తెర మొన మెడకు ఆనించుకున్నాడు. బాపు చేతికి గుడ్డ చుట్టుకుని పోలీసు నాకాకు పరుగెత్తాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. జ్వరమొస్తే హకీమును పిలవాలని తెలుసు, దొంగ పడితే పోలీసును పిలవాలని తెలుసు. మనిషి మనసు చెదిరితే ఎవర్ని పిలవాలో ఎవరికి తెలుసు? ఇప్పుడు మాత్రం ఎంతమందికి తెలుసు?

అమీన్‌సాబ్ వచ్చాడు. సబ్‌ఇన్‌స్పెక్టరును మా గల్లీలో అప్పటికింకా అలాగే పిలిచేవాళ్లు. వెంట ఇద్దరు జవాన్లు, లాఠీలు, ఒక తాడు. ఆ తాడును మేమంతా ఎరుగుదుం. అంతకుముందు ఒక పండ్ల బండివాడు నడివీధిలో అరుస్తూ తిరుగుతుంటే ఆ తాడుతోనే కట్టి తీసుకుపోయారు. పిల్లలు వెంటబడి రాళ్లేశారు. అతను మళ్లీ మా గల్లీలో కనబడలేదు. ఇప్పుడు ఒక్క లాఠీ వాకిట్లోకి వచ్చినా చిన్నాయన ఆ కత్తెర మెడలో దించుకుంటాడని చూస్తున్న అందరికీ తెలుస్తోంది. పిలుచుకొచ్చిన బాపే ఇప్పుడు కాస్త ఆగమని అమీన్‌సాబ్‌ను బతిమాలుతున్నాడు.

అప్పుడు కిడికీ తెరుచుకుంది. కిడికీ అంటే రెండిళ్ల మధ్య గోడలో ఆడవాళ్ల రాకపోకలకు పెట్టిన చిన్న తలుపు. దాని అవతల మా ఇంటి యజమానురాలు ఉండేది. మేమంతా ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్లం. చిన్నాయన పసివాడుగా ఉన్నప్పుడు ఆమె చేతి ముద్దలు తిని పెరిగాడు. మూతి మీద మీసం వచ్చిన నాటి నుంచి ఆయన ముందు కూడా ఖాలా పరదా పాటించింది. మాటలన్నీ కిడికీకి కట్టిన తెర వెనక నుంచే. అలాంటి మనిషి వంగి ఆ తలుపు దాటి మా వాకిట్లోకి వచ్చింది. మా అమ్మను వీధి తలుపు దగ్గరికి పంపింది.

మా అమ్మ గట్టిగా మాట్లాడగా నేను అంతవరకు వినలేదు. వీధి తలుపుకు వేలాడే గోనె పరదాను రెండు చేతులతో పట్టుకుని, “ఆగుండ్రి! లోపట గోషా ఉన్నది. ఒక్కరు గూడ అడుగు పెట్టొద్దు!” అని కేక పెట్టింది. ఒక జవాను అప్పటికే లాఠీతో పరదా పక్కకు నెట్టాడు. అమీన్‌సాబ్ వాడి భుజం పట్టి వెనక్కి లాగాడు. పరదా ఉన్న ఇంట్లోకి చొరబడితే గల్లీ మొత్తం లేస్తుందని ఆయనకు తెలుసు.

ఖాలా చిన్నాయనకు కాస్త దూరంలో నేల మీద చతికిలబడింది. కత్తెర ఇమ్మని అడగలేదు. అలాంటిదేమీ లేదు, అంతా నీ భ్రమ అని కూడా అనలేదు. తల మీది దుపట్టా తీసి ఆయన వైపు జరిపింది. “ఇది గూడ చూడు బేటా. దీంట్ల ఉన్నదేమో,” అంది. ఆమె తెల్ల జుట్టు, ముడతల ముఖం అంత వెలుతురులో బయటపడ్డాయి. నాయనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిన్నాయన చాలాసేపు ఆమె ముఖాన్నే చూశాడు. తర్వాత, మెడ మీది కత్తెర తీసి, దుపట్టా అంచు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో కుట్టూ విప్పుతూ వెతుకుతుంటే ఖాలా రెండో కొస పట్టుకుని తనూ వెతికింది. మధ్యలో నీళ్లు అందించింది. బయట జవాన్లు విసుక్కుంటున్నారు. “ఇంకెంతసేపు?” అని అమీన్‌సాబ్ అడిగినప్పుడల్లా అమ్మ “ఇంకా గోషా ఉన్నది సాబ్” అంటోంది. ఏ క్షణాన వాళ్లు లోపలికి తోసుకొస్తారోనని నేను అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాను. చివరికి చిన్నాయన దుపట్టాను ఒడిలో వేసుకుని, “దీంట్ల ఏం లేదు ఖాలా. నాకు నిద్ర గావాలె,” అని ఏడ్చాడు. కత్తెర దానంతటదే నేల మీదికి జారింది.

మనసు చెదిరినవాళ్లను చూసే ఆసుపత్రికి ఆయన్ని ఎలా తీసుకుపోవాలన్నది కూడా ఖాలాయే చెప్పింది. గోషా ఆడవాళ్లు ఎక్కే రిక్షా పిలిపించింది, చుట్టూ గుడ్డ కట్టి ఉంటుంది. తలుపు నుంచి రిక్షా దాకా అమ్మ, నాయనమ్మ రెండు వైపులా దుప్పట్లు ఎత్తి పట్టుకున్నారు. ఆడవాళ్లు ఎక్కుతున్నారంటే మగవాళ్లు ముఖం తిప్పుకోవాలి. అమీన్‌సాబ్, జవాన్లు, చోద్యం చూడ్డానికి వచ్చిన జనం, అందరూ గోడల వైపు తిరిగి నిలబడ్డారు. ఆ దుప్పట్ల మధ్య నుంచి చిన్నాయన ఖాలా చెయ్యి పట్టుకుని, ఎవరి కంటా పడకుండా, తన కాళ్లతో తాను నడిచి వెళ్లాడు. లోపల ఎవరున్నారో అమీన్‌సాబ్‌కు తెలియదనుకోను. ఆయన సైకిలెక్కి రిక్షా ముందు దారి చేసుకుంటూ పోయాడు. తాడు జవాను చంకలోనే ఉండిపోయింది.

వానలు వెలిశాక చిన్నాయన తిరిగొచ్చాడు. పూర్తిగా నయమైందని చెప్పను. ఆ తర్వాత కూడా నిద్ర తప్పిన ఎండాకాలాలు వచ్చాయి. అప్పుడు బాపు నాకా వైపు చూడలేదు, ముందు కిడికీ తట్టేవాడు. అయితే ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున చిన్నాయన కిడికీ దగ్గర నిలబడి సలాం చెబితే, ఖాలా గబుక్కున తెర దించేసింది. వెనక నుంచి “జీతే రహో బేటా” అన్న దీవెన మాత్రం వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు ముఖం చూపించిన మనిషి ఇప్పుడు దాక్కోవడమేమిటని అమ్మతో పోట్లాడాను.

“ఆ దినం పసిపోరని లెక్క చూసింది. ఇయ్యాల మొగోని లెక్క చూస్తున్నది. నీకేందే లొల్లి?” అంది అమ్మ.

చిన్నాయన ఆ తెర ముందు చేతులు కట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. గల్లీలో మిగిలినవాళ్లంతా ఆయన్ని వింతగా చూస్తుంటే, ఖాలా ఒక్కతే ఆయనకు పాత మర్యాద తిరిగి ఇచ్చింది. ఎనభై దాటిన ఈ వయసులో కూడా, ఆసుపత్రి నుంచి అలా తిరిగొచ్చినవాళ్లు ఎదురైతే నేను జాలిగా పలకరించను, మాత్రలు వేసుకున్నావా అని అడగను. వెనకటిలాగే పని చెబుతాను, ఆలస్యమైతే కసురుతాను. వాళ్లు తిరిగి నా మీద విసుక్కుంటే, ఆ పూటకు నా మనసు కుదుటపడుతుంది.