ముల్లు లేని గాలం

మామ పోయాడన్న కబురు నాకు చేపలు తోముతుండగా వచ్చింది. కామారెడ్డి బస్టాండు వెనక చిన్న కర్రీ పాయింటు నాది. ఆ పొద్దున కొర్రమట్టలకు బూడిద పూసి బండకేసి రుద్దుతున్నాను. చేతులు జిగురుగా ఉంటే మోచేత్తోనే ఫోన్ నొక్కాను. అవతల అత్త.

"బిడ్డా, మీ మామ పోయిండే. పొద్దుగాల చాయ్ తాగుమని లేపితే లేస్తలేడు" అంది. ఏడవలేదు. చాయ్ చల్లారిపోయిందని మళ్ళీ చెప్పింది, అదే పెద్ద సంగతి అన్నట్టు.

షట్టర్ దించి ఎల్లారెడ్డి బస్సెక్కాను. పక్కన కూర్చున్నావిడ కొంగుతో ముక్కు మూసుకుంది. ఎంత సబ్బు రాసినా చేపల వాసన పోలేదు. పోకపోతే పోనీ, మామ దగ్గరికి ఈ వాసనతో పోవడమే న్యాయం అనుకున్నాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఎల్లారెడ్డికి అవతల మా ఊళ్ళో కొంచెం పొలం చేసుకుంటూ, పని లేని పూటల్లా చెరువుగట్టు మీద గాలం వేసుకుని కూర్చునేవాడు. చివరి రోజుల్లో ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే, తూము పక్కన తన రాయి మీద కూర్చుని గాలం వేసుకోవడం. అది కూడా దక్కనియ్యలేదు మా ఊరు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మామ గురించి మంచే చెబుతాను. ఊరి గురించి మాత్రం నా వల్ల కాదు.

మూలమలుపు దగ్గర బస్సు దిగేసరికే ఫ్లెక్సీ కట్టి ఉంది. మనిషిని ఇంకా ఇంట్లోంచి బయటికి తేలేదు, ఫ్లెక్సీ మాత్రం ఎల్లారెడ్డిలో అచ్చయి వచ్చేసింది! మామ పాత ఫోటో, చేతిలో మోచేయంత కొర్రమట్ట, నోరంతా నవ్వు. 'చెరువు ముద్దుబిడ్డకు అశ్రునివాళి' అని రాయించారు. కింద చెరువు కమిటీ వాళ్ళ ముఖాలు వరుసగా ఉన్నాయి. కమిటీ పెద్ద ముఖమైతే పోయిన మనిషి ముఖం కంటే పెద్దగా ఉంది. ఆ ఫ్లెక్సీ కింద నుంచే నడిచి ఇంటికి వెళ్ళాను. తల ఎత్తితే ఏమంటానో నాకే తెలియక, కింద చూసుకుంటూ నడిచాను.

నాకు గాలం పట్టడం నేర్పింది మామే. ఆడపిల్ల చేతికి కర్రేంటని గట్టు మీద పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. మామ వెనక్కి కూడా తిరిగేవాడు కాదు. "చేపకు ఎరికనా, కర్ర పట్టింది ఆడో మగో?" అనేవాడు. అంతే. నాకు పెళ్ళయి కామారెడ్డి వెళ్ళాక కూడా, ఊరికి వస్తే చెప్పులు వాకిట్లో విడవకుండా నేరుగా గట్టుకే పోయేదాన్ని.

ఆయన కర్ర వెదురుది. పచ్చిగా ఉన్నప్పుడే మంటకు కాపి, వంకలు తీసి, ఇంటి దూలానికి వేలాడదీసి ఆరబెట్టేవాడు. నీళ్ళ మీద తేలే బెండు మాత్రం జీలుగది, చాకుతో తనే చెక్కుకునేవాడు. అది నీళ్ళలో నిటారుగా నిలబడకపోతే ఆ పూటంతా మొహం మాడ్చుకునేవాడు. బెండు కట్టి వానపాము గుచ్చితే జెల్లలూ పరకలూ పడేవి. వాటిని చేపలని కూడా అనేవాడు కాదు, "పొద్దువోవుడు" అనేవాడు. ఆయన మనసంతా కొర్రమట్ట మీదే.

కొర్రమట్ట వేరే జాతి. నీళ్ళలో ఉండి కూడా పైకి వచ్చి గాలి తాగి పోతుంది. తామరాకుల నడుమ అది గుటకేసిన చోట చిన్న సుడి లేస్తుంది. మామ ఆ సుడిని చూసి, అక్కడ కాకుండా దానికి కొంచెం ముందర ఎరగా కప్పను వేసేవాడు. ఆకు మీద నుంచి ఆకు మీదికి ఆ కప్పను ఆడిస్తుంటే, గాలానికి గుచ్చిన కప్పని తెలిసిన నాకే పారిపోతున్నట్టు అనిపించేది. దుబాయి నుంచి వచ్చిన మా చెల్లెలి మగడు ఒకసారి రబ్బరు కప్పను తెచ్చిచ్చాడు. కడుపు కింద రెండు ముళ్ళు, వెనక రెండు కుచ్చులు. మామ దాన్ని తిప్పి తిప్పి చూసి, నొక్కి చూసి, "ఇది నయమే బిడ్డా. దీనికి నొప్పి లేదు" అన్నాడు. ఆ తర్వాత బతికున్న కప్పను ముట్టలేదు.

ఆ వేటలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఆకుల మధ్య నీళ్ళు భళ్ళుమనగానే గుండె ఝల్లుమంటుంది, చెయ్యి కర్రను లాగేస్తుంది. కప్ప ఒక్కటే ఎగిరి వచ్చి మన ముఖాన పడుతుంది. నేను అలా లాగినప్పుడల్లా మామ ఒకే మాట అనేవాడు: "నోట్లె పెట్టుకున్నంత మాత్రాన మింగినట్టు కాదు. జర ఆగు." దారం బిగిసి, పక్కకు జరిగి, చేప తన దారిన తను పోతున్నట్టు తెలిసినప్పుడే లాగాలి. ఆ 'జర ఆగు' నాకు అత్తగారింట్లో కూడా పనికొచ్చింది, దుకాణంలోనూ పనికొచ్చింది.

ఇంకొకటి. వానాకాలంలో కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపు కట్టి, నీళ్ళ మీద కుంకుమ చల్లినట్టు తిరుగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా. ఆ గుంపు మీద ఏది పడినా తల్లి వచ్చి కొడుతుంది. పట్టడం చేతగానివాడు కూడా పట్టగలిగేది అప్పుడే. మామ ఆ గుంపు కనబడితే కర్ర ఎత్తి భుజాన వేసుకుని ఇంకో మూలకు పోయేవాడు. వేరేవాళ్ళు వేయబోతే ఊరుకునేవాడు కాదు. "అది ఆకలికి రాలే. పిల్లల మీద ఏదో పడ్డదని వచ్చింది. గట్ల వచ్చినదాన్ని పడతవారా?" అని కసిరేవాడు.

పట్టిన చేపను అమ్మలేదెప్పుడూ. మా వాడలో బాలింత ఉంటే ఆ ఇంటికి పోయేది. జ్వరం పడి లేచినవాళ్ళుంటే వాళ్ళింటికి పోయేది. కొర్రమట్ట పులుసు తాగితే ఒంట్లోకి బలం వస్తుందని మా దగ్గర నమ్మకం. ఆ పులుసు తాగని ఇల్లు మా వాడలో లేదు. కమిటీ పెద్దను కన్నప్పుడు వాళ్ళమ్మకు ఇదే పులుసు పోశారని అత్త చెప్పేది. పాలతో పాటు అది కూడా తాగాడన్నమాట.

తర్వాత కమిటీ వాళ్ళు చెరువును గుత్తకు ఇచ్చారు. గుత్తేదారు లారీలో చేప పిల్లలను తెచ్చి వదిలాడు. కొర్రమట్టలు ఆ పిల్లలను తింటాయని వలలు వేసి, తూము కింద బురద దాకా దేవి, వాటిని ఏరేశారు. ఎర్ర గుంపులున్నప్పుడే ఏరారు. మామ గట్టు మీద నిలబడి "వాటిని మీరు తేలే గదరా, అవి మన తాతల కంటె ముందు నుంచి ఉన్నయి" అని అరిచాడట. ఎవరూ తల తిప్పలేదు. తూము పక్కన ఇనుప బోర్డు పాతారు: 'గాలం వేయరాదు.'

మామ కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోలేకపోయాడు. దారం నుంచి ముల్లు విప్పి తలుపు పక్కన గోడకు గుచ్చాడు. ఉత్త బెండు కట్టిన కర్ర పట్టుకుని వెళ్ళి మళ్ళీ తన రాయి మీద కూర్చున్నాడు. ముల్లు లేదు, ఎర లేదు. నీళ్ళ మీద బెండు నిలబడి ఉంటే దాన్ని చూస్తూ కూర్చోవడం, పొద్దు పోయాక ఇంటికి రావడం. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "చేపలు మన బెండు చుట్టే తిరుగుతున్నయ్ బిడ్డా, సుట్టాల లెక్క" అని నవ్వాడు.

అది కూడా ఓర్వలేకపోయారు. ఒక పొద్దు కమిటీ పెద్ద నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. నేను ఆ రోజు లేను, అత్త చెప్పింది.

"ఏంది కాకా, వద్దన్నంక సుత వేస్తున్నవ్?"

"గుంజి సూస్కో. ముల్లుందా?"

"ముల్లు లేకుంటే ఎందుకు వేస్తున్నవ్ మరి?"

"బెండు సూసుకుంటందుకు."

"నిన్ను జూసి రేపు ఊరంత వచ్చి కూసుంటది" అని కర్ర లాక్కుని మోకాలికేసి విరవబోయాడు. విరగలేదు. మంటకు కాపిన వెదురు, అంత సులువుగా విరగదు. రాయి మీద ఏటవాలుగా పెట్టి, ఇద్దరు కాళ్ళతో తొక్కితే విరిగింది. గట్టు మీద బట్టలుతికేవాళ్ళున్నారు, బర్లను కడిగేవాళ్ళున్నారు. పులుసు తాగిన నోళ్ళే అన్నీ. ఒక్క నోరూ లేవలేదు.

నేను విని, ఊరికి పోయి కమిటీ పెద్దను వాళ్ళ వాకిట్లోనే నిలదీశాను. "రూల్ అందరికి ఒక్కటే అక్కా. వానకాలం రానీ, కాకాకు ఒక మూల సూపిస్తం" అన్నాడు. చాయ్ కూడా పోయించాడు. నేను తాగలేదు. ఆ మాట మోసుకుపోయి చెబితే మామ పైకప్పు కేసి చూస్తూ, "నోట్లె పెట్టుకున్నరు గంతే. జర ఆగు" అన్నాడు. వానాకాలం వచ్చింది, అలుగు పారింది, మూల ఎవరూ చూపించలేదు. మామ ఇంకెప్పుడూ గట్టు ఎక్కలేదు. నేను తీసుకెళ్ళిన చేపల కూర కూడా ముట్టడం మానేశాడు. గుండె ఆగిందన్నారు. ఆగిందో ఆపారో నాకు తెలుసు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే వాళ్ళకు తీరని కోరిక లేనట్టు. ముట్టకపోతే ఏదో మిగిలినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇస్తారు. చెరువు వెనక పూడ్చిన చోట అన్నం, కల్లు, బీడీలు పెట్టాం. చేపల కూర నేనే వండాను. చెరువులో కొర్రమట్ట లేదు కాబట్టి, కామారెడ్డి నుంచి తెప్పించిన, తొట్టిలో పెంచిన చేప. "దాణా తిన్న చేప" అని మామ వెక్కిరించేది దాన్నే.

తుమ్మచెట్టు మీద కాకి కూర్చుని ఉంది, దిగదు. పిట్లంలో ఉండే ఆయన కూతురు వచ్చి "బాపూ, అవ్వను నేను సూసుకుంట" అని తల్లి గురించి మాట ఇచ్చింది. కాకి కదల్లేదు. ఎండ ముదిరింది. అత్త ఉన్నట్టుండి "ఆయనకు ఏం గావాల్నో ఊరంతకు ఎరికే" అని కమిటీ పెద్ద కేసి చూసింది. అందరూ చూశారు. అతను చెప్పులు విడిచి, చేతులు జోడించి ముందుకొచ్చాడు.

"కాకా, చెర్ల నీకు ఇష్టమున్నకాడ గాలం వేస్కో. ఎవ్వడు అడ్డం రాడు. నాది జిమ్మ" అని పూచీ పడ్డాడు.

బతికున్నన్నాళ్ళు ఆ మాట కోసం కాచుకున్న మనిషికి, మట్టి కప్పాక పర్మిషన్! నేను నోరు తెరిచేలోపే కాకి దిగింది. అన్నం మెతుకులు వదిలేసి చేప ముక్కను ముక్కున కరుచుకుంది. "మెచ్చిండు, మెచ్చిండు" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కమిటీ పెద్ద కండువాతో ముఖం తుడుచుకుని, "జూస్తిరా, కాకాకు నా మీద కోపం లేదు" అన్నాడు. కాళ్ళు కడుక్కుని, మాట్లాడుకుంటూ, ఒకరి వెనక ఒకరు ఊరి దారి పట్టారు.

నా ఒళ్ళు మండిపోయింది. ఇంత సులువుగా నమ్మావా మామా అని గట్టిగానే అన్నాను. అత్త నా చెయ్యి పట్టుకుని "పా బిడ్డా, అయిపోయె గదా" అంది. అప్పుడు చూశాను. కాకి ముక్కను తీసుకుని చెట్టు మీదికి పోలేదు. గట్టు మీదికి ఎగిరి, తూము పక్కన ఇనుప బోర్డు మీద వాలింది.

"జర ఆగు అత్తా" అన్నాను.

అత్తకు అర్థమైంది. నా పక్కనే నిలబడింది. ఊరివాళ్ళ మాటలు దూరమై ఆగిపోయాయి. కాకి ఆ బోర్డు మీదే, నీళ్ళ కేసి చూస్తూ, ముక్కున ముక్క పట్టుకుని కూర్చుంది. ఇంకా మింగలేదు.